తెల్లగా పుట్టినవాళ్లు

నమోదు 211

ఎలుకల ఇంట్లో జరిగేదంతా రోజూ రాసిపెట్టమని పంచాయతీవారి ఆజ్ఞ. సరే, రాస్తున్నాను. నా పేరు నూకరత్నం, రాతిగూడెం ఎలుకల ఇంటికి పెద్దని. కూర్చుని రాయడమంత నరకం నాకు ఇంకొకటి లేదు. ఒకచోట కాలు నిలవని మనిషిని. మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఎలుకల ఇంట్లో ఉద్యోగానికి భలే పేరు.

పొద్దున్న సొరంగంలో దీపాలు వెలగ్గానే నేనూ, నాతో పనిచేసే మా చెల్లెలు అసిరితల్లీ పంజరాలు కడగడం మొదలుపెట్టాం. చంద్రుడి మీద ఎలుక ఎగిరిందంటే మనిషెత్తు లేస్తుంది. అందుకని పంజరాలన్నీ బీరువాల్లా నిలువుగా కట్టాం. అడుగున చెత్త తీయాలంటే చెయ్యి భుజం దాకా లోపలికి పోవాలి. అలా తీస్తుంటే కొత్త ఈత కనబడింది. అన్నీ గులాబీ రంగు పిల్లలే, ఒక్కటి మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అసిరి దాన్ని అరచేతిలో పెట్టుకుని, ఊదుతూ తీసుకెళ్లి, పాలు ఎక్కువగా ఉన్న ఇంకో తల్లి దగ్గర పడుకోబెట్టింది.

తెల్లగా పుట్టిన పిల్లకు ఈ ఊళ్లో ఎవరైనా చేసేది అదే. ఎలుకకైనా, మనిషికైనా. అరికాలు ఎర్రబడేదాకా పేరు పెట్టం, అలాగని ఒంటరిగానూ వదలం. ఎర్రబడిన రోజు ఎర్రపురుడు చేసి అప్పుడు పేరు పెడతాం. ఇక్కడ బరువు తక్కువ కావడం వల్ల ఒంట్లో ఎర్రకణాలు తొందరగా పగిలిపోతాయి. పెద్దవాళ్లం ఎలాగో నెట్టుకొస్తాం. కష్టమంతా పసివాళ్లదే.

అసిరి కూతురికి ఇంకా పేరు లేదు. దాని ఈడు పిల్లలు బోర్లా పడుతున్నారు. ఇది పాలు తాగడానికే ఆయాసపడుతోంది.

భూమి ఓడలు రావడం మానేశాక మేమే సొంతంగా కాచిన మొదటి ఎర్రమందు నిన్న తయారైంది. ఊళ్లో తెల్లపిల్లలందరికీ సరిపోతుంది. సూర్యుడు కనబడని చీకటిపక్షం మొదలయ్యేదాకా నిలవ ఉంటుంది, ఆ తర్వాత పనికిరాదు. ఇంకో కాపు తయారయ్యేదాకా అసిరి కూతురు ఆగే స్థితిలో లేదు. ముందు ఎలుకలకివ్వాలి. పదింట ఎనిమిది ఎర్రబడితేనే మందు మనుషుల దాకా పోతుంది. రేపే మొదలుపెడతాం. నాకు ఇప్పుడే మొదలుపెట్టాలని ఉంది.

నమోదు 214

సగం ఎలుకలే ఎర్రబడ్డాయి.

తోకల నుంచి నెత్తురు చుక్కలు తీసి రెండుసార్లు చూశాను. మూడోసారి చూస్తుంటే డాక్టర్ తవిటినాయుడు గారు నా చేతిలోంచి గాజుపలక తీసి పక్కన పెట్టారు.

"ఎన్నిసార్లు చూసినా అదే కదా రత్నమ్మా. మందు తప్పింది."

"సగం బాగా ఎర్రబడ్డాయి బాబూ. మందు తప్పితే అన్నీ తప్పాలి గదా."

"సగం నమ్మకంతో పసిపిల్లలకి సూది ఎలగ వేస్తాను, సెప్పు?"

ఆయన మీద కోపం వచ్చింది గాని ఆయన మాటలో తప్పు లేదు. మందు చేసే పని అంత సున్నితమైంది. ఎముకల మూలుగలో పుట్టిన కణానికి మొదట గాటా-రెండు అనే ప్రొటీను పెద్దరికం చేస్తుంది. 'ఇంకా పెరగండి, ఇంకా పిల్లల్ని కనండి' అంటుంది. సమయం వచ్చాక గాటా-ఒకటి వచ్చి, జన్యువుల మీద అది కూర్చున్న చోటే కూర్చుని, దాన్ని లేవగొడుతుంది. అప్పుడే కణం ఎర్రబడే పనిలో పడుతుంది. అత్త చేతి తాళాలు కోడలి చేతికి వచ్చినట్టు. ఎర్రమందు ఆ కోడలికి బలం ఇస్తుంది. బలం చాలకపోతే పిల్ల తెల్లగానే ఉండిపోతుంది. ఎక్కువైతే ఇంకా ప్రమాదం. మా అమ్మ కాలంలో ఒక మందు అలాగే తొందరపెట్టింది. పెరగాల్సిన కణాలన్నీ ఒక్కసారే ఎర్రబడి, విత్తనాలు కూడా వండుకు తిన్నట్టయింది. ఆ పిల్లలెవరూ మిగల్లేదు. ఎలుకల నియమం అప్పుడు పెట్టిందే.

ఇంకొక్క పరీక్షకు సరిపడా మందు వాడుకోమన్నారు. అదీ తప్పితే కాపు మొత్తం పారబోయాలి. ఇంటికి పోకుండా సొరంగం ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచి వచ్చాను. ఏమీ తోచలేదు.

నమోదు 216

మధ్యాహ్నం అసిరి ఇంటికి వెళ్లాను. మరిది మంచుగనికి పోయాడు. అసిరి పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. పిల్ల రెండు గుక్కలు తాగి, ఆగి, రొప్పి, మళ్లీ నోరు పెడుతోంది. పెదవులు కాగితం రంగులో ఉన్నాయి.

"పారబోస్తారటగదా అప్పా," అంది అసిరి.

"ఎవరు సెప్పినారు?"

"ఊరంతా సెప్తంది. నువ్వొక్కర్తివే సెప్పలేదు."

లేచి నీళ్లకుండ సర్దాను, మడిచి ఉన్న బట్టలే మళ్లీ మడిచాను. అసిరి చూసి చూసి, "కూకో అప్పా, నాకు కళ్లు తిరుగుతన్నాయి," అంది.

కూర్చున్నాను. ఈ పిల్లకు ముందు అసిరికి రెండు కాన్పులు నిలవలేదు. ఇద్దరూ మగపిల్లలే, నెలలు నిండకుండానే పోయారు. ఈ పిల్లయినా దక్కుతుందా అని అది నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది. ఏదో ఒకటి అబద్ధమైనా చెప్పేదాన్ని.

"రెండో పరీచ్చలో ఎర్రబడతాయిలే," అన్నాను.

"ఆ ఎలుకలనే మళ్లీ పెడితే మళ్లీ సగమే గదా ఎర్రబడతాయి," అంది.

తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ మాటే మనసులో తిప్పుకున్నాను. మందును అనుమానించాం. ఎలుకల్ని ఎవరూ అనుమానించలేదు.

నమోదు 217

ఇవాళ ఈనలేక ఒక ఎలుక చచ్చిపోయింది. కడుపు కోసి చూశాను.

పిల్లలు బఠాణీకాయలో గింజల్లా వరసగా ఉన్నాయి. కొన్ని ఎర్రగా, పూర్తిగా పెరిగి ఉన్నాయి. మధ్యమధ్య చిన్నవి, నెత్తురు చుక్క లేనివి, ఎప్పుడో పెరుగుదల ఆగిపోయినవి. ఆ తెల్లవాటిని ఒక్కొక్కటీ పరీక్షించాను. అన్నీ మగవే.

నిలబడలేక గది చుట్టూ తిరిగాను. ఈ మధ్య ఈతలు చిన్నవవుతున్నాయని, మగపిల్లలు తగ్గాయని తెలుసు. ఎలుకలు ముసలివవుతున్నాయని సరిపెట్టుకున్నాం. అది కాదు. గాటా-ఒకటి ఎలా తయారుచేయాలో రాసి ఉన్న చోటు ఎక్స్ క్రోమోజోము. మగదానికి ఒకటే ఎక్స్ ఉంటుంది. అది చెడితే కోడలు పుట్టనే పుట్టదు, పిల్ల కడుపులోనే పోతుంది. ఆడదానికి రెండు ఎక్స్‌లు. ప్రతి కణమూ ఒకదాన్ని మూసి రెండోదానితో బతుకుతుంది. మంచిది తెరుచుకున్న కణాలు ఎర్రబడతాయి, చెడ్డది తెరుచుకున్నవి మధ్యలోనే ఆగి చస్తాయి. అందుకే అలాంటి ఆడపిల్ల తెల్లగా పుడుతుంది. తర్వాత మంచి కణాలు మెల్లమెల్లగా పెరిగి చోటంతా ఆక్రమిస్తాయి. చూడ్డానికి మిగతా ఎలుకల్లాగే అవుతుంది. చెడిన ఎక్స్ మాత్రం లోపలే ఉంటుంది.

పరీక్ష కోసం ముందు కొంత నెత్తురు తీసి, తర్వాత మందిస్తాం. మూలుగలో కొత్తగా పుట్టే కణాల్లో సగం పనికిరాని ఎలుకకు అంత కష్టం పెడితే ఏ మందైనా ఏం చేస్తుంది?

భూమి మీద ఎలుకల ఇళ్లలో తెల్లగా పుట్టినవాటిని ఆరోజే తీసేస్తారట. ఆ నియమం మాకూ వచ్చింది. దాన్ని పాటించినవాళ్లు ఇక్కడ ఒక్కరూ లేరు. నా ముందు పనిచేసినవాళ్లూ లేరు, నేనూ లేను. తెల్లవాటిని సాకాం, ఎర్రబడ్డాక పేర్లు పెట్టాం, నిండుగా పాలిచ్చే తల్లులని మెచ్చుకుని వాటినే మళ్లీ మళ్లీ ఈనించాం. ఇప్పుడు ఇల్లంతా వాటి సంతానమే.

నమోదు 218

అసిరితో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది, కాని నా నోరు ఆగదు.

"అయితే నేను సాకినవే మందుని సెడగొట్టినాయంటావు."

"అందరం సాకినాం. నిన్నొక్కదాన్నీ అంటం లేదు."

"మరేటి సేయాలి? ఇకమీద తెల్లగా పుట్టినోటిని తీసి పారెయ్యాలా?"

"తియ్యాలి మరి. లేకపోతే ఏ పరీచ్చా నిలబడదు."

అది చేతిలో గిన్నె వదిలేసింది. గిన్నె తాపీగా దిగి నేలకు తగిలేదాకా నావైపే చూసింది.

"తెల్లగా పుట్టినోళ్లని తీసీడమే అయితే, ముందు నా పిల్లనే తీసీమను పంచాయతీని."

"అదీ ఇదీ ఒకటేటే?"

"నాకు తెల్దు. నువ్వు సదువుకున్నావు, నువ్వు సెప్పు. రెండూ తెల్లగానే ఉన్నాయి."

ఏడుస్తూ వెళ్లిపోయింది. మిగతా పంజరాలు ఒక్కదాన్నే కడిగాను. కోపం దాని మీదా, నా మీదా అన్నది తేలలేదు. పని తొందరగా అయిపోయింది, అది ఇంకా చికాకు.

నమోదు 219

పొద్దున్నే డాక్టరుగారి గది తలుపు కొట్టాను. కడుపులో చచ్చిన మగపిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టానో లేదో ఆయన చేయి ఎత్తారు.

"ఆగు. అంటే బతికున్న మగెలుక ఏదైనా..."

"మంచి ఎక్స్‌తోనే ఉండాలి. చెడ్డదైతే పుట్టేదే కాదు."

"మనం పరీచ్చకి ఎప్పుడూ ఆడవాటినే వాడతాం," అని తల పట్టుకున్నారు. మగవి ఒకచోట ఉంటే కొట్టుకుని చస్తాయని ఎప్పటి నుంచో ఆడవాటితోనే పని నడుపుతున్నాం.

"ఇప్పుడు మగవాటితో సేద్దాం బాబూ."

"ఒక్కోదానికి ఒక్కో పంజరం కావాలి. ఎక్కడున్నాయి మనకి?"

అక్కడే చిక్కుపడింది. నేను తిరుగుతూ ఆలోచిస్తాను, ఆయన కూర్చుని ఆలోచిస్తారు. ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఊళ్లో ఇంటికొక ఎలుకను ఇద్దాం. తెల్లపిల్లలున్న ఊరు కదా, ఎవరూ కాదనరు.

కాదనలేదు. పంచాయతీ పెద్ద గవరయ్య గారు తన బియ్యం డబ్బా ఖాళీ చేసి మూతకు చిల్లులు పొడిచి తెచ్చారు. కొందరు కూరగాయల బుట్టలు తెచ్చారు. ఎలుకలన్నిటికీ నెత్తురు తీసి, మందిచ్చి, ఎవరిది వారి చేతికిచ్చాను. మేం ఇచ్చిన మేత తప్ప ఏమీ పెట్టొద్దని ప్రతివాళ్లకూ రెండేసి సార్లు చెప్పాను.

సాయంత్రానికే గవరయ్య గారి భార్య తన ఎలుకకు జంతిక ముక్క పెట్టింది. దాన్ని లెక్కలోంచి తీసేశాను. "బక్కగా ఉంది, మనసొప్పలేదమ్మా," అంది. ఈ ఊరివాళ్లకు ఎవరికీ ఏదీ మనసొప్పదు. మొదటినుంచీ మా రోగమే అది.

నమోదు 223

ఇల్లిల్లూ తిరిగాను. అరికాళ్లు నొప్పులు పుడుతున్నా ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ వాళ్లే ముందు చెవులు చూపిస్తున్నారు, ఎర్రగా ఉన్నాయి చూడమని. చుక్కలు తీసి గదికి తెచ్చి చూశాం. ఒక్కటి తప్ప అన్నీ ఎర్రబడ్డాయి. కణాలు తొందరపడలేదు, విత్తనాల్లాంటి లేత కణాలూ నిండుగా ఉన్నాయి.

డాక్టరుగారు గాజుపలక మీంచి తలెత్తి, "ఎయ్యొచ్చు," అన్నారు. అంతే అన్నారు. నేను అప్పుడే సూదులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

చీకటిపక్షం ఎల్లుండి. రేపే సూదులు. అసిరి కూతురికి నేనే వేస్తానన్నాను.

నమోదు 227

ఊళ్లో తెల్లపిల్లలంతా ఎర్రబడ్డారు. రోజుకో ఇంట్లో ఎర్రపురుడు, పాటలు, బెల్లం పంపకం. నన్ను చూసి చేతులెత్తి దండాలు పెడుతున్నారు. తప్పించుకుని పక్క సొరంగంలోంచి తిరుగుతున్నాను.

అసిరి కూతురు ఎర్రబడలేదు. ఇవాళ పాలు అసలే పట్టలేదు.

"అందరికీ పనిసేసింది గదా అప్పా," అంది అసిరి. గొంతులో కోపం లేదు. దానికి కోపం లేకపోవడం నన్ను భయపెట్టింది.

డాక్టరుగారు పిల్ల కాలి ఎముక నుంచి మూలుగ చుక్క తీశారు. పలక మీద పరిచి రంగు వేశాను. కొన్ని కణాలు చక్కగా నడిచి ఎర్రబడ్డాయి. తక్కినవి పెద్ద పెద్ద కేంద్రకాలతో మొదట్లోనే ఆగి, ముడుచుకుని చస్తున్నాయి. రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇలాంటి మూలుగ నేను ఇంతకుముందు చూశాను, పాలతల్లుల దగ్గర పడుకున్న తెల్ల ఎలుకపిల్లల్లో.

పిల్ల ఎక్స్‌లు రెండూ చదివించాం, ఒకటి చెడింది. సందేహం లేదు. అసిరి నెత్తురూ చదివించాం. దానిలోనూ అదే మచ్చ ఉంది. నాలో లేదు. ఒకే కడుపున పుట్టాం, అది దాని వాటాకు పడింది.

"మందు వల్ల కాదు," అన్నారు డాక్టరుగారు. "మంచి కణాలు పెరిగి చోటు ఆక్రమించాలి. అంతవరకు ఈ పిల్ల ఆగాలి గదా."

"ఎలుకపిల్లలు ఆగినాయి బాబూ. వెచ్చగా ఉంచి పాలు పడితే ఆగినాయి."

"అవి పాలు తాగినాయి. ఇది తాగటం లేదు."

"అయితే నా నెత్తురు ఎక్కించండి."

నాకే చాలీచాలని నెత్తురని ఆయన వద్దన్నారు. పెద్దవాళ్లెవరూ నెత్తురివ్వకూడదని ఊరి కట్టుబాటు కూడా ఉంది. నేను చొక్కా చేయి పైకి మడిచి ఆయన బల్లమీదే కూర్చున్నాను. ఇంత కదలకుండా నేను ఎప్పుడూ కూర్చోలేదని తర్వాత ఆయనే అన్నారు.

నమోదు 229

రెండోసారి కూడా ఇచ్చాను. లేస్తే కళ్లు తిరుగుతున్నాయి, అందుకే ఈ రాత పడుకునే రాస్తున్నాను. పంజరాల పని గవరయ్య గారి భార్య చూస్తోంది. జంతికలు పెట్టొద్దని చెప్పి పంపాను.

పిల్ల ఇవాళ ఆగకుండా పాలు తాగిందట. మరిది వచ్చి చెప్పి, చెప్పలేక ఏడ్చి వెళ్లాడు.

నమోదు 240

అసిరి కూతురి అరికాళ్లు ఎర్రబడ్డాయి. సాయంత్రం ఎర్రపురుడు, అప్పుడే పేరు. నేనిచ్చిన ఎర్రకణాలు ఈపాటికి పగిలిపోయి ఉంటాయి. ఇది దాని సొంత ఎరుపు. మూలుగ చూశాను, మంచి కణాలే నిండుగా ఉన్నాయి. పిల్ల నా వేలు పట్టుకుని లాగింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. డాక్టరుగారు చూడనట్టు నటించారు.

ఇక అసలు సంగతి దాచడం నా వల్ల కాలేదు. అసిరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. నీ పిల్లకు ఇక భయం లేదు. పెరుగుతుంది, ఆడుతుంది, అందరిలాగే ఉంటుంది. కాని దానికి రేపు మగపిల్లలు కలిగితే సగం మంది కడుపులోనే పోతారు. ఆ చెడిన ఎక్స్ నీ నుంచే వచ్చింది.

అసిరి పిల్ల కాలు నిమిరింది.

"అయితే నా ఇద్దరూ..."

"అవునమ్మా."

"నేనేదో బరువు ఎత్తేసి పోగొట్టుకున్నాననుకున్నాను. మా అత్త కూడా అదే అన్నాది."

"నువ్వేటీ సేయలేదే. నీ వల్ల ఏటీ కాలేదు."

నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఆపమనలేదు. ఎన్నేళ్లుగా మోస్తోందో ఆ మాటను, పక్కనే పంజరాలు కడుగుతూ నాకు తెలియలేదు.

నమోదు 241

పంచాయతీ ఆజ్ఞ వచ్చింది. చెడిన ఎక్స్ ఉన్న ఆడ ఎలుకలన్నిటినీ తీసేసి, ఇల్లు శుభ్రం చేసి, మగవాటితోనూ మచ్చలేని ఆడవాటితోనూ కొత్త సంతానం మొదలుపెట్టాలట. నేను కోరిందే. డాక్టరుగారి సంతకం కూడా ఉంది. ఆజ్ఞ పట్టుకుని ఇంట్లో పచార్లు చేశాను. దానిలో ఒక్క తప్పు మాట లేదు. అయినా కాళ్లు ఎలుకల ఇంటివైపు పోవడానికి మొరాయించాయి.

వెళ్లేసరికి అసిరి నాకంటే ముందే వచ్చి ఉంది, పిల్లను వీపుకు కట్టుకుని. మచ్చ ఉన్న ఎలుకలన్నిటినీ ఒక్కొక్కటే పేరు పెట్టి పిలుస్తూ, తీసి, తూర్పుగోడ పంజరాల్లో వేరుగా పెట్టేసింది. పరీక్షల ఎలుకలతో కలవకుండా మధ్యలో అడ్డు కూడా కట్టింది. ఆజ్ఞ కాగితం చేతికిస్తే చదివి, మడిచి నాకే ఇచ్చింది.

"ఈటిని పరీచ్చలకి కలపొద్దు. అది సరే," అంది. "మరి ఈటికి మందెప్పుడు మొదలెడతావు?"

"ఏ మందు?"

"కడుపులో పోయే మగపిల్లలకి."

అలాంటి మందు లేదన్నాను. పుట్టకముందే, ఇంకా వేలెడు కూడా లేని పిల్ల కణాల్లోకి మంచి గాటా-ఒకటిని పంపాలి. ఎలా పంపాలో ఎవరికీ తెలియదు. తెలిసినా ముందు ఈ ఎలుకల్లోనే నిలబడాలి. ఏళ్లూ పూళ్లూ పడుతుందన్నాను. పంచాయతీ ఒప్పుకోకపోవచ్చన్నాను. నా జీవితం చాలకపోవచ్చు అని కూడా అన్నాను.

అసిరి వీపు మీద పిల్లను ఎగదోసుకుని, పంజరంలోకి భుజం దాకా చెయ్యి పెట్టి చెత్త తీయడం మొదలుపెట్టింది.

"నా గుంట పెద్దదవడానికీ ఏళ్లే పడతాది గదా," అంది. "మొదలెట్టు."